ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ మారిస్తే ఇన్ని ఎర్రర్లా?

ప్రశ్న: పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌తో ఒక అప్లికేషన్ రాశాను. కొత్త వెర్షన్‌కు మారితే క్యాష్, లాగింగ్, మెయిల్ వాడిన ప్రతి ఫైలూ ఎర్రర్ చూపిస్తోంది. అన్నిటికీ ఇంటర్‌ఫేస్‌లు రాసుకోవాలా?

జవాబు: అన్నిటికీ అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ అంటే ఏ మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందం; మీ కోడ్ ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌ను నేరుగా కాకుండా దాన్ని పిలుస్తుంది. ముందు మీ కోడ్‌లో క్యాష్‌ను ఎక్కడెక్కడ పిలుస్తున్నారో వెతకండి. ఆ క్లాస్‌లో ఎన్ని మెథడ్లున్నా మీరు వాడేవి బహుశా రెండే: విలువ దాచడం, తిరిగి తీసుకోవడం. మీ ఇంటర్‌ఫేస్‌లోనూ ఆ రెండే పెట్టండి. చాలామంది క్లాస్‌లోని మెథడ్లన్నీ ఇంటర్‌ఫేస్‌లోకి ఎక్కించేస్తారు. దాంతో పేరు మారుతుందే గానీ ముడి వీడదు. ఇంటర్‌ఫేస్ ఎంత ఉండాలో వాడుకునే కోడ్ చెప్పాలి, అందించే క్లాస్ కాదు.

కొన్ని ఇంటర్‌ఫేస్‌లు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. లాగింగ్‌కు పీఎస్‌ఆర్-3 (పీఎస్‌ఆర్‌లంటే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌ల ఉమ్మడి ప్రమాణాలు) ఉంది కాబట్టి సొంతంగా రాయకండి. అప్లికేషన్‌కు కావాల్సిన ఆబ్జెక్ట్‌లను అందించే పీఎస్‌ఆర్-11 కంటైనర్‌లో ఉన్నవి గెట్, హ్యాజ్ అనే రెండు మెథడ్లే. పీఎస్‌ఆర్-20 గడియారానికైతే ఒక్కటే: ప్రస్తుత సమయం చెప్పే నౌ.

ఈ గడియారం నాకు చాలా ఇష్టం. 10 నిమిషాల తర్వాత చెల్లకుండా పోయే లాగిన్ కోడ్ రాశారనుకోండి. లోపల నేరుగా సిస్టమ్ టైమ్ అడిగితే, గడువు ముగిసిందో లేదో టెస్ట్ చేయడానికి నిజంగానే 10 నిమిషాలు ఆగాలి. అదే గడియారాన్ని కన్‌స్ట్రక్టర్ ద్వారా అందిస్తే, టెస్ట్‌లో 11 నిమిషాలు ముందున్న నకిలీ గడియారం ఇచ్చేయొచ్చు. లాగిన్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. మీ ఇంటర్‌ఫేస్ మెథడ్ తిరిగిచ్చేది ఫ్రేమ్‌వర్క్ సొంత క్వెరీ ఆబ్జెక్ట్ అయితే, పిలిచిన ప్రతి ఫైలూ మళ్లీ ఆ ఫ్రేమ్‌వర్క్‌కే అతుక్కుంటుంది. మామూలు అర్రేనో, మీ సొంత క్లాస్‌నో తిరిగివ్వండి. ఫ్రేమ్‌వర్క్ విసిరే ఎక్సెప్షన్లను కూడా అడాప్టర్‌లోనే (మీ ఇంటర్‌ఫేస్ వెనక ఉండి ఫ్రేమ్‌వర్క్‌ను పిలిచే క్లాస్‌లోనే) పట్టుకుని, మీ ఎక్సెప్షన్‌గా మార్చి పంపండి. ఈ రెండోది మర్చిపోయే వాళ్లే ఎక్కువ.

రౌటింగ్, కంట్రోలర్ల జోలికి వెళ్లకండి. అవి ఎలాగూ ఫ్రేమ్‌వర్క్ అంచున ఉండే కోడే, అక్కడ ఇంటర్‌ఫేస్ పెడితే ఫైళ్లు పెరగడం తప్ప లాభం ఉండదు. మెయిల్‌తో మొదలుపెట్టండి. ఎవరికి, ఏ సబ్జెక్ట్‌తో, ఏం పంపాలో తీసుకునే ఒక మెథడ్ చాలు. దాని వెనక ఫ్రేమ్‌వర్క్ మెయిలర్‌ను పిలిచే అడాప్టర్ ఒకటి రాయండి. ఈసారి వెర్షన్ మారితే మెయిల్ కోసం మీరు తెరవాల్సింది ఆ ఒక్క ఫైలే.