ఉభాలలో విన్న పాటను ఎలా పట్టుకోవాలి?

1990ల చివర్లో ఆమదాలవలస దగ్గరి అమ్మమ్మగారి ఊరిలో ఉభాలు, అంటే వరినాట్లు, జరుగుతుండగా విన్న పాటలో నాగావళి, బంతిపూలు, మేనమామ అన్న మాటలే గుర్తున్నాయని, ఇంటర్నెట్టులో ఎంత వెతికినా దొరకలేదని మీరు రాశారు. చీపురుపల్లి వైపు ఒక పల్లెలో చిన్నప్పుడు విన్న పాట కోసం నేనూ ఇలాగే తిరిగాను కాబట్టి చెబుతున్నాను: మాటలను పక్కనపెట్టి, ఆ పాట ఏ పనితో సాగిందో దానిని బట్టి వెతకండి.

ఉభాల పాటను ఒకామె ఎత్తుకుంటే మిగిలిన వరుసంతా అందుకుంటుంది. మడి పూర్తయ్యేదాకా పాట సాగాలి గనుక, ఎత్తుకునే ఆమె గట్టు మీద నిలబడ్డ బుగతనో (పొలం ఆసామినో), ఊరికి కొత్తగా వచ్చిన కోడలినో చరణంలోకి లాగి అప్పటికప్పుడు కట్టేస్తుంది. కాబట్టి మీ నాగావళి హిరమండలం వైపు వెళ్లేసరికి వంశధార అయిపోయి ఉండవచ్చు. అంత సులువుగా మారనివి వరుస చివర అందరూ కలిసి లాగే ఊతపదమూ, పాట నడకా.

పాటతోపాటు వాయిద్యమూ చెవిలో మెదులుతుంటే అది ఉభాల పాట కాకపోవచ్చు. గుండెకు కట్టుకున్న రేకు తప్పెట్ల మోత, కాలి గజ్జెల చప్పుడు గుర్తుంటే తప్పెటగుళ్లు వేసే యాదవ బృందాలను అడగాలి. తీగ లాగి మీటే జముకు గుర్తుంటే జముకులకథ చెప్పేవారిని అడగాలి.

వాయిద్యమేదీ లేదంటే అరవై దాటిన ఆడవాళ్లే దిక్కు. నాకు వరసకు మేనత్త అయ్యే పెద్దావిడను అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే, "ఏటో బాబూ, గేపకం నేదు" అని తేల్చేసింది. ఆ సాయంత్రమే పెరట్లో నడుం వంచి వంగనారు పెడుతూ, వేళ్లు బురదలో దిగిన ప్రతిసారీ ఒక్కో మాట చొప్పున, మొదటి చరణమంతా తనంతట తానే పాడింది. నారు నాటకుండా విత్తనాలు నేరుగా చల్లే ఎద పద్ధతి పెరిగి పాడే జట్లు తగ్గిపోయాయి గానీ, వీలైతే ఆషాఢ శ్రావణాల్లోనే వెళ్లండి. గుర్తున్న బాణీని మాటలు లేకుండా ఫోనులో కూనిరాగంగా రికార్డు చేసి వినిపించండి. మాటలు ముందే చెబితే, మిమ్మల్ని నొప్పించలేక వాటితోనే కొత్త చరణం కట్టి ఇచ్చేస్తారు. వాళ్లకది క్షణం పని.

బాణీ కలిసినంత మాత్రాన యూట్యూబులో దొరికిందే మీ పాట అని తేల్చుకోకండి. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు (1943–2020) వంటివారు ఈ ప్రాంతపు జానపద బాణీల్లో, ఇక్కడి యాసలోనే ఎన్నో పాటలు కట్టారు. మీరు విన్న బాణీ వేరే మాటలతో ఎదురుపడవచ్చు.

వరుస చివర అందరూ కలిసి ఏమని లాగేవారో, అది పొడవుగా సాగేదో, చటుక్కున తెగేదో గుర్తుకొస్తే రాయండి. మా వైపు పెద్దవాళ్లకు వినిపించి కనుక్కుంటాను.