నలుగురి కథ రాసేముందు

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. మా స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, కింద ఆనించి వాయించే పెద్ద చెల్లో, ఈ నలుగురి జట్టు) చరిత్ర నువ్వు రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. కానీ నువ్వు పంపిన మొదటి రెండు పేజీలు పెళ్ళిలో చదివింపుల పట్టీలా ఉన్నాయి. ఫలానా తేదీ, ఫలానా హాలు, ముఖ్య అతిథి ఫలానా. ఆ ముఖ్య అతిథి కచేరీ సగంలో లేచి వెళ్ళిపోయేవాడమ్మా, ఆయనకి మళ్ళీ చరిత్రలో చోటెందుకు?

ముందు మా అటక మీదున్న ట్రంకుపెట్టె తెరువు. మేం వాయించిన నొటేషన్ కాగితాలు అందులో ఉన్నాయి, నలుగురివీ. వాటి మీద పెన్సిల్ గీతలే అసలు రికార్డు. నా వయోలా పార్టులో ఒకచోట ‘ఇక్కడ చెల్లో కోసం ఆగు’ అని ఉంటుంది. దాని కిందే ఎర్ర పెన్సిల్‌తో ‘ఆగొద్దు’. ఆ రెండు మాటల మధ్య మా చెల్లో మనిషి మారాడు. మొదటాయన రైల్వే ఉద్యోగి, బదిలీ మీద వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన కుర్రాడికి లయ గడియారంలా ఉండేది. మనిషి మారినప్పుడల్లా మా వాయింపు ఎలా మారిందో అది రాయి.

బుడాపెస్ట్ క్వార్టెట్‌ని 1917లో హంగరీలోని ఆ ఊరి ఒపెరా ఆర్కెస్ట్రా వాళ్ళు మొదలుపెట్టారు. ఒక్కొక్కరే మారుతూ 1936 నాటికి నలుగురూ రష్యా సామ్రాజ్యంలో పుట్టినవాళ్ళే అయ్యారు, పేరు మాత్రం అదే. అమెడియస్ క్వార్టెట్ ఇంకో రకం. 1947 నుంచి 40 ఏళ్ళు అదే నలుగురు. 1987లో వయోలా వాయించే పీటర్ షిడ్లాఫ్ పోతే, ఆ చోటులో ఇంకొకర్ని కూర్చోబెట్టలేక మిగతా ముగ్గురూ ఆపేశారు. మాది బుడాపెస్ట్ బాపతు. దాచక్కర్లేదు.

అందర్నీ కలిపి కూర్చోబెట్టి మాత్రం అడగకు. అలా అడిగితే మొదటి వయొలిన్ ఏం చెబితే అదే చరిత్ర అవుతుంది. రెండో వయొలిన్ ఆవిడతో మొదలుపెట్టు. పాతికేళ్ళు పక్కనే కూర్చుని అన్నీ విన్న మనిషి, ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడా నేనూ కర్ణాటక సంగీతం నుంచి వచ్చాం. నేల మీద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి నేర్చుకున్నవాళ్ళం. కుర్చీలో కూర్చుని వాయించడానికే ఆర్నెల్లు పట్టింది. అంతకంటే కష్టం, స్వరాన్ని గమకం లేకుండా నిలబెట్టడం. వేలు దానంతటదే ఊగేది. మా మొదటి క్యాసెట్టులో హైడన్ (పద్ధెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త) సంగీతానికి అక్కడక్కడ శంకరాభరణం రాగం వాసన తగులుతుంది. దాన్ని తప్పుల లెక్కలో వేయకు, వివరంగా రాయి.

నీ జాబితాలో ఒకచోట ‘వర్షం వల్ల అంతరాయం’ అని ఉంది చూడు. సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాలు, జూలై నెల. హైడన్ ‘ఎంపరర్’ క్వార్టెట్ రెండో భాగం వాయిస్తున్నాం. చక్రవర్తి కోసం ఆయన 1797లో కట్టిన పాట వరస అందులో ఉంటుంది, ఇప్పటి జర్మనీ జాతీయగీతం వరస అదే. ముందు మొదటి వయొలిన్ వినిపిస్తుంది, తర్వాత రెండో వయొలిన్, చెల్లో, వయోలా వరసగా అందుకుంటాయి. సరిగ్గా చెల్లో వంతులో కరెంటు పోయింది. వరస అందరికీ వచ్చు గానీ, దాని చుట్టూ వాయించాల్సింది మాలో ఎవరికీ కంఠతా రాదు. ముగ్గురం కమానులు దించేశాం. చెల్లో ఒక్కటే ఆగలేదు. వాచ్‌మన్ టార్చిలైటు తెచ్చేదాకా చీకట్లో ఆ ఒక్క వాయిద్యం, పైన రేకుల మీద వాన.

పొగడ్తలు తగ్గించు. 1784లో వియన్నాలో ఒక ఇంట్లో హైడన్, డిట్టర్స్‌డార్ఫ్, వాన్‌హల్, మోజార్ట్, నలుగురూ పేరున్న స్వరకర్తలే, కలిసి క్వార్టెట్ వాయించారు. (మోజార్ట్ చేతిలో ఉన్నది వయోలా, అది తప్పక రాసుకో.) అక్కడున్న మైకేల్ కెల్లీ అనే గాయకుడు, వాయింపు పర్వాలేదు, ఎవరూ తమ వాద్యంలో అంత దిట్టలు కారని తన జ్ఞాపకాల్లో రాశాడు. వాళ్ళకే ఆ మాట పడితే మా గురించి ‘అద్భుతం’ అంటే ఎవరు నమ్ముతారు?

గొడవ కూడా రాయి. ఒక హోటల్లో రిసెప్షన్‌కి వాయిస్తే, ఒప్పుకున్నదానికంటే తక్కువిచ్చారు. అది పంచుకునే దగ్గర మొదటి వయొలిన్‌కీ నాకూ మాటలు పోయాయి. రిహార్సల్ ఒక్కటీ ఆగలేదు. నొటేషన్‌లో గడి లెక్క చెప్పి ‘పదహారో బార్ నుంచి’ అనడం తప్ప రెండేళ్ళు ఇంకేం మాట్లాడుకోలేదు. తప్పు ఎక్కువ నాదే.

తేదీలు మాత్రం నా మాట మీద వేయకు. రవీంద్రభారతి కచేరీ మీ అన్న పుట్టకముందేనని ఒట్టేసి చెప్పేవాణ్ణి. తీరా ఆ పాంప్లెట్ వెనక మీ పెద్దమ్మ రాసుకున్న సరుకుల లెక్కలో వాడి పాలడబ్బా ఉంది.

ఆదివారం పొద్దున్నే రా, ఎండెక్కితే అటక మీద నిలవలేవు. కాగితాలు ఫోటో తీసుకో, గీతలు చెరిగేలా తుడవకు. పదకొండింటికి చెల్లో కుర్రాడు వస్తానన్నాడు, ఇప్పుడు అరవై దాటాయిలే. చీకట్లో వాయించిన సంగతి అడిగితే గుర్తులేదంటాడు. ఇంకోసారి అడుగు.

మీ పెదనాన్న