పళ్లు కదులుతుంటే ఉమ్మి పరీక్ష కోసం ఆగొద్దు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఆరు నెలలుగా చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. కింది పళ్లు రెండు కదులుతున్నాయి. నొప్పి వస్తే మందుల షాపులో మెట్రోనిడజోల్ తెచ్చి వేసుకుంటాను. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. రోజూ గుడాకుతో పళ్లు తోముకుంటాను. ఉమ్మి పరీక్షలో చిగుళ్ల వాపు తెలుస్తుందని చదివాను. ఎక్కడ చేస్తారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. చిగుళ్లు వాచినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఎంఎంపీ-8 లాంటి ప్రోటీన్లు లాలాజలంలో పెరుగుతాయి. సూది గుచ్చే పని లేదు కాబట్టి పరిశోధనల్లో ఈ నమూనాలు బాగా వాడుతున్నారు. అయితే ఉమ్మి నోరంతా కలిసిన ద్రవం. ఏ పంటి కింద ఎముక ఎంత తగ్గిందో అది చెప్పదు. అందుకు ప్రోబ్ అనే సన్నటి పరికరంతో పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలవాలి, ఎక్స్‌రే తీయాలి. ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఆ లోతు 3 మిల్లీమీటర్లు దాటదు.

నాకు టెన్షన్ పెట్టింది మీ కదిలే పళ్లు. ఎముక కొంత పోయి ఉండొచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ఆరు నెలలు ఎందుకు ఆగారు?

ఇక ఆ మాత్రలు. పంటి మీద గార అలాగే ఉండగా యాంటీబయాటిక్ మింగితే నొప్పి నాలుగు రోజులు అణిగి, జబ్బు లోపల సాగుతుంది. ఎవరూ రాసివ్వకుండా ఇలా మళ్లీ మళ్లీ వేసుకుంటే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. దయచేసి ఆపండి. మీకు కావలసింది గార తీయించడం. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన వైపు చాలామంది భయపడతారు. వదులు చేసేది గార కింద ఉన్న జబ్బే.

గుడాకు పొగాకే. అందులోని నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తం తక్కువగా కనిపించి జబ్బు దాగిపోతుంది. ఒక్కసారిగా మానలేకపోతే డాక్టర్‌కు చెప్పండి, సాయం ఉంటుంది.

ఆమ్లోడిపిన్‌తో కూడా కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. అలాగని సొంతంగా మానేయకండి, రాసిన డాక్టర్‌ను అడగండి. షుగర్ సంగతి మీరు రాయలేదు. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్ల జబ్బుంటే షుగర్ అదుపు కష్టమవుతుంది.

ఈ వారంలోనే దంత వైద్యుడికి చూపించుకోండి, మీరు వేసుకునే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.