మెకానిక్ "ఏమీ కాలేదు" అని వెళ్లిపోతే విజిట్ చార్జీ ఎవరిది?

అద్దె ఇళ్ల మరమ్మతుల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే తగువు. మనిషి వచ్చాడు, చూశాడు, బాగుచేసిందేమీ లేదు, డబ్బులు మాత్రం తీసుకున్నాడు. ఆ డబ్బులు ఎవరివి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. గీజరు వేడెక్కడం లేదని ఓనరు గారికి ఫోన్ చేస్తే ఆయనే ఎలక్ట్రీషియన్‌ను పంపారు. అతను డీబీ బాక్సు (ఇంటి కరెంటు మీటలన్నీ ఉండే పెట్టె) మూత తీసి, ఆఫ్ వైపు పడి ఉన్న ఎమ్‌సీబీని (లోడెక్కినా, షార్టయినా కరెంటు తెంపే మీట) పైకెత్తి "అంతే సార్" అని వెళ్లాడు. రూ.400 మీరే కట్టుకోండి అంటున్నారు ఓనరు. ఇల్లు ఆయనది, పిలిచిందీ ఆయనే. మేమెందుకు కట్టాలి?

జవాబు: పిలిచింది ఎవరన్నది పక్కన పెట్టండి. గీజరు ఎందుకు ఆగిందన్నదే లెక్క. తప్పు ఎవరి వైపు ఉంటే విజిట్ చార్జీ వాళ్లది. తప్పే లేదని తేలితే, చూసుకోవాల్సినవి చూసుకోకుండా మనిషిని రప్పించినవాళ్లది.

మీ విషయంలో ఇంకో ముడి ఉంది. ఎమ్‌సీబీ ఊరికే పడదు. ఇంట్లో ఎవరో దించి మరిచిపోయి ఉండాలి, లేదా దాని మీద లోడు ఎక్కువై ఉండాలి, లేదా లోపల ఏదో షార్టయి ఉండాలి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ మీద అదొక్కటే ఉంటే లోడెక్కి పడే ప్రశ్నే లేదు. అదే లైను మీద హీటరున్న వాషింగ్ మెషీను, ఇస్త్రీపెట్టె కూడా ఉండి, పొద్దున్నే మూడూ వేస్తే పడుతుంది. అలా పడితే ఖర్చు మీది. ఎలిమెంటు షార్టయినా, ఎమ్‌సీబీ టెర్మినల్ స్క్రూ వదులై వేడెక్కినా అది ఇంటి తప్పు. ఎలక్ట్రీషియన్ ఈ రెండూ చూడకుండా మీట ఎత్తి వెళ్లాడంటే సగం పనే చేశాడు. కాబట్టి వారం పది రోజులు చూడండి. మళ్లీ పడితే పాత తప్పు అలాగే ఉన్నట్టు. అప్పుడు మొదటి రూ.400 కూడా ఓనరే భరించాలి. పడకపోతే ఈసారికి మీరు కట్టడమే న్యాయం. డీబీ బాక్సు సెల్లారులోనో, తాళం వేసిన గదిలోనో ఉంటే మాత్రం కట్టనక్కర్లేదు. డీబీ ఎక్కడుందో, ఏ మీట దేనిదో ఇల్లు అప్పగించే రోజే చూపించాల్సింది ఓనరు.

ఇకముందు గీజరు ఆగినప్పుడు ఫోన్ తీసేముందు నాలుగు పనులు చేయండి. గీజరు మీది లైటు వెలుగుతోందా చూడండి. వెలగకపోతే డీబీ దగ్గరికి వెళ్లండి. కొన్ని ఎమ్‌సీబీలు ట్రిప్పయ్యాక మీట మధ్యలో ఆగుతుంది, దాన్ని పూర్తిగా కిందికి నొక్కి ఆ తర్వాతే పైకెత్తాలి. నేరుగా ఎత్తితే నిలబడదు, పాడైపోయిందనుకుంటాం. మీట పైనే ఉంటే ఆ సాకెట్లో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. అది వేడెక్కితే కరెంటు వస్తున్నట్టే, తప్పు గీజరులో ఉంది. ప్లగ్గు పిన్నులు గోధుమరంగుకు తిరిగినా, సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ కరిగినా ఈ పరీక్షలేవీ వద్దు. ఎమ్‌సీబీ దించేసి మనిషిని పిలవండి.

చట్టం సంగతీ చెబుతాం. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఎవరి మరమ్మతులు ఎవరివో రెండో షెడ్యూల్లో రాశారు. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగులు, పైపుల మార్పు, వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్లవి. చాలామందికి తెలియనిది, గీజరు మరమ్మతును కూడా అద్దెకున్నవాళ్ల ఖాతాలోనే వేశారు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. పైగా అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. మా మాట అడిగితే, బోరు నీళ్లకు ఎలిమెంటు మీద గార పేరుకుని పోయే ఊళ్లలో ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయడం సబబు కాదు. ఆ నీళ్లు వాళ్లు తెచ్చినవి కావు.

ప్రశ్న: విజయవాడలో మా ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంపే మీట) మాటిమాటికీ పడి ఇల్లంతా చీకటవుతోంది. ఓనరమ్మ పంపిన మనిషి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వైరింగు అన్నాడు, రెండోసారి మీ వెట్ గ్రైండరు అన్నాడు. రెండు విజిట్లూ మా అడ్వాన్సులో కోస్తామంటున్నారు.

జవాబు: తప్పు గ్రైండరుదే అయితే రెండోది మీది, మొదటిది మీది కాదు. మొదటిసారే సరిగా చూసి ఉంటే రెండోసారి వచ్చే పనే ఉండేది కాదు. ఆ పొరపాటు అతన్ని పంపినవాళ్ల లెక్కలోకి పోవాలి.

నిజంగా గ్రైండరేనా అన్నది మీరే తేల్చుకోవచ్చు, పదిహేను నిమిషాల పని. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ మామూలుగా 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. మనిషికి షాకు తగిలి ప్రాణం మీదికి రాకముందే కరెంటు తెంపడానికే అది ఉంది. ముందు ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకేయండి. స్విచ్చులు ఆపితే చాలదు, పీకాలి. ఇక్కడే చాలామంది, కొందరు ఎలక్ట్రీషియన్లు కూడా, పొరబడతారు. స్విచ్చు గానీ సింగిల్ పోల్ ఎమ్‌సీబీ గానీ ఫేజును, అంటే కరెంటు వచ్చే వైరును మాత్రమే తెంపుతాయి, న్యూట్రల్, అంటే తిరిగి వెళ్లే వైరు, తగిలే ఉంటుంది. గ్రైండరు లోపల న్యూట్రల్ వైరు బాడీకి తాకుతుంటే, గ్రైండరు స్విచ్చు ఆపి ఉన్నా, వేరే గదిలో గీజరు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. అందరూ గీజరును తిడతారు.

ఫ్రిజ్జు, వాటర్ ప్యూరిఫయరు, ఇన్వర్టరు ప్లగ్గులు కూడా పీకాక ఆర్‌సీసీబీ ఎత్తండి. లైట్లు, ఫ్యాన్లు వేసి అరగంట వదిలేయండి. అప్పుడూ పడితే తప్పు వైరింగులోనో, ఓనరు బిగించిన ఫిట్టింగుల్లోనో ఉంది, ఖర్చు ఆవిడది. నిలబడితే ఒక్కో ప్లగ్గూ పెట్టి, వేసి చూస్తూ రండి. ఏది పెట్టగానే పడిందో అదే దొంగ. మీ గ్రైండరైతే బాగుచేయించే ఖర్చూ, విజిట్ చార్జీ మీవే. కడిగినప్పుడు మోటారులోకి నీళ్లు దిగి ఉంటే రెండు రోజులు ఆరబెడితే కోలుకోవచ్చు. ఓనరు ఇచ్చిన ఫ్రిజ్జో గీజరో అయితే, అగ్రిమెంటులో వేరేగా లేనప్పుడు, ఆవిడే చూసుకోవాలి. వాన పడ్డ రోజే పడుతోందంటే బాల్కనీ లైటు, గేటు లైటు, తడిసిన గోడలోని జంక్షన్ బాక్సు మీద అనుమానం పెట్టుకోండి.

"మాటిమాటికీ పడుతోంది, తీసి డైరెక్టు చేసేస్తా" అని ఎవరన్నా అంటే వద్దనండి. ఓనరమ్మ చెప్పినా వద్దే.

ఇల్లంతా కరెంటు పోయిన ప్రతిసారీ ముందు పక్కింటి వైపు చూడండి. వాళ్లకూ లేకపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, ఖర్చుండదు. మీటరు దాకా డిస్కం (కరెంటు సంస్థ) బాధ్యత, మీటరు దాటాక మీ ఇద్దరిది.

ప్రశ్న: బాత్రూములో నీళ్లు రావడం లేదని ప్లంబరును పిలిచాం. అతను టెర్రస్ మీదికి వెళ్లొచ్చి రూ.300 తీసుకున్నాడు. ట్యాంకు కడగడానికి వాచ్‌మన్ వాల్వు కట్టేశాడట. ఇది కూడా మాదేనా?

జవాబు: కాదు. టెర్రస్ మీది గేటు వాల్వులు అసోసియేషన్ చేతిలో ఉంటాయి. ట్యాంకు కడిగే రోజు వాల్వు కట్టి, చెప్పకపోవడం వాళ్ల తప్పు. రసీదు అసోసియేషన్‌కు ఇవ్వండి. అయితే పైన కింద ఫ్లాట్లవాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే ఈ రూ.300 మిగిలేవి.

ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక కొన్ని కుళాయిలే రాకపోతే పైపులో గాలి ఇరుక్కుని ఉండొచ్చు. ఇంట్లో అన్నిటికన్నా కిందున్న కుళాయితో మొదలుపెట్టి అన్నీ తెరిచి పది నిమిషాలు వదిలితే బుస్సుమంటూ గాలి పోయి నీళ్లు వస్తాయి. వేడినీళ్ల కుళాయిలో ధార వచ్చేదాకా గీజరు స్విచ్చు ముట్టుకోకండి. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంటు కాలిపోతుంది, ఆ బిల్లు మాత్రం మీదే అవుతుంది.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మణికొండలో ఫ్లాటు అద్దెకిచ్చాం. అద్దెకున్నవాళ్లు ప్రతి చిన్నదానికీ మనిషిని పిలిపించి నెలాఖరుకు అద్దెలో కోసుకుంటున్నారు. అగ్రిమెంటులో ఏం రాయాలి?

జవాబు: 11 నెలల అగ్రిమెంటు ఎలాగూ మళ్లీ రాస్తారు కాబట్టి అప్పుడు ఈ మాటలు చేర్చండి: "రిపేరుకు ముందు అద్దెదారు ఫొటోగానీ వీడియోగానీ వాట్సాప్‌లో పంపాలి. ఓనరు 24 గంటల్లో జవాబివ్వాలి. వచ్చిన మనిషి బిల్లు మీద కారణం రాయాలి. కారణం అద్దెదారు వాడకంలోగానీ సొంత వస్తువులోగానీ ఉంటే, లేదా ఏ లోపమూ లేదని రాస్తే, విజిట్ చార్జీ అద్దెదారుది. మిగతా సందర్భాల్లో ఓనరుది."

బిల్లు మీద కారణం రాయించడమే ఇందులో ప్రాణం. "సర్వీసు రూ.500" అని రాసిన చీటీ ఎవరికీ పనికిరాదు. "ఫ్లష్ ట్యాంకు ఫ్లోట్ వాల్వు అరిగింది, మార్చాను" అంటే ఒకటి, "యాంగిల్ కాక్ మూసి ఉంది, తెరిచాను" అంటే ఇంకొకటి. రెండో బిల్లు చూశాక వాదనే ఉండదు.

ఆ క్లాజు కిందనే ఇదీ రాయండి: గ్యాసు వాసన, షాకు, కాలిన వాసన, ఆగకుండా కారే నీళ్లు, వీటికి పిలిస్తే ఏమీ లేదని తేలినా అద్దెదారు నుంచి వసూలు చేయం. రూ.400కి భయపడి గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటున్నా ఊరుకునే ఇల్లు మీకూ మంచిది కాదు. గ్యాసు లీకైతే ముందు రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాసు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయమని చెప్పండి.

వాళ్లు అద్దెలో కోసుకోవడం పూర్తిగా తప్పని మాత్రం అనలేం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే అద్దెదారు తానే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. నమూనా చట్టమైతే ఒక నెలలో సగం అద్దెకు మించి కోయకూడదంటుంది. మీకు చెప్పకుండా పిలిపించి కోసుకుంటేనే మీరు అడగాలి. మీకు రాత్రయినప్పుడు ఇక్కడ పగలు కాబట్టి, జవాబివ్వడానికి ఊళ్లో ఒకరిని పెట్టుకోండి.

ప్రశ్న: ఓనరు ఇచ్చిన ఏసీ చల్లబడటం లేదు. టెక్నీషియన్ గ్యాసు తగ్గింది, నింపాలి అన్నాడు. ఖర్చు ఎవరిది?

జవాబు: ముందు రిమోట్‌లో కూల్ మోడ్ ఉందా చూడండి, ఫిల్టర్లు కడగండి. వేసవిలో రెండు వారాలకోసారి ఫిల్టరు కడగడం వాడుకునేవాళ్ల పని. దుమ్ము పట్టిన ఫిల్టరు కోసం మనిషిని పిలిస్తే విజిట్ చార్జీ మీదే. గ్యాసు సంగతి వేరు. ఏసీలో గ్యాసు వాడితే అయిపోయేది కాదు, సీలు చేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది, దాన్ని మూయించే ఖర్చు ఓనరుది. కలిపిన నట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడొస్తోందో చూపించమనండి. చూపించకుండా నింపుతానంటే ఆ బిల్లు మీరూ కట్టొద్దు, ఓనరునూ కట్టనివ్వొద్దు.