నీ కథలో తేలు

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళ మాట నీకు బాగా పట్టుబడింది, సంతోషం. కానీ నాలుగో పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. పిల్లలు తేలు చుట్టూ కిరసనాయిలు పోసి నిప్పు పెడతారు, అది దారిలేక తనను తానే కుట్టుకుని చస్తుంది, నీ కథానాయకుడు అది చూసి తన బతుకు తలుచుకుంటాడు. ఇది నువ్వు కళ్ళారా చూశావా? తేలు విషం తేలుకు దాదాపుగా ఎక్కదు. వేడికి ఒంట్లో తడి ఆరిపోయి, మెలికలు తిరిగి, తోక కొట్టుకుంటూ చస్తుంది. మనమే కాల్చి చంపి ఆత్మహత్య అని రాస్తున్నాం.

చావడానికి తొందరపడే ప్రాణి కాదబ్బాయ్ అది. మా ఉదయగిరి కొండ కింద రోహిణీకార్తెలో బండ మీద కాలు పెట్టలేం. ఆ బండ కిందే అది బతుకుతుంది. పెంకు మీది మైనప్పూత లోపలి తడిని బయటికి పోనివ్వదు. నీళ్ళు దొరక్కపోతే తిన్న పురుగులోని తడితో సరిపెట్టుకుంటుంది. తిండి లేకుండా నెలలు గడుపుతుంది, కొన్ని జాతులైతే ఏడాది దాకా. రాత్రి బయటికొచ్చినా ఊరికే తిరగదు. చాలాసార్లు బొరియ మూతి దగ్గరే కూర్చుని, కాళ్ళకు నేల అదురు తెలిసేదాకా కాచుకుంటుంది. విషం ఊరడానికి ఒంట్లో బలం ఖర్చవుతుంది కనక, చిన్న పురుగైతే మండ్రగబ్బ లాంటి పెద్ద నల్లతేలు డెక్కలతోనే నలిపేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తదు. ఇంత బతుకుని వదిలేసి ఒక్క కొండి పట్టుకుని కూర్చున్నావు.

నీ వయసు కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ సంగతులే ఒక కథలో రాస్తే, ఓ వారపత్రిక ఎడిటరు గారు ఆ పేరా మొత్తం కొట్టేశారు. తేలు రైతు ఆకలికి ప్రతీక కావాలట, అలా మార్చి పంపమన్నారు. నేను మార్చలేదు. ఆ కథ చాలాకాలం పెట్టెలోనే పడుంది, ఆ రోజుల్లో నాకు వచ్చే పారితోషికంతోనే బియ్యం కొనాలి. తర్వాత ఓ సభలో ఎదురుపడి అడిగితే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నారు. ఇప్పటికీ పోటీ కథలన్నిట్లో ఇదే గోల. పాము, తేలు, కాకి, ఏదీ తనకోసం తాను బతకదు!

నీ కథలో ముసలమ్మ, తేలు పిల్లలు తల్లిని తినే పుడతాయంటుంది. ఆమె అనొచ్చు, కథ చెప్పే నువ్వు తలూపకూడదు. మా దొడ్లో బట్టలుతికే బండ లేపినప్పుడు ఓ తల్లి మండ్రగబ్బను చూశాను. వీపు నిండా అన్నం మెతుకుల్లా తెల్లటి పిల్లలు. ఒకటి జారి కింద పడింది. తల్లి కదలకుండా ఆగింది, ఆ పిల్ల తడుముకుంటూ కాలు పట్టుకుని మళ్ళీ పైకెక్కింది. మొదటి కుబుసం విడిచేదాకా వాటికి ఆ వీపే ఇల్లు. ఇది చూశాక నేను మంట కథలు చదవలేను.

ఇంకొకటి. నీ కథలో కుర్రాడి ప్రాణం మీదికి తెచ్చింది మండ్రగబ్బ అన్నావు. చూడ్డానికి భయంకరమే గానీ అంత ప్రమాదం చెయ్యదు. సన్నటి డెక్కలు, లావు తోక ఉండే చిన్న ఎర్రతేలుకే భయపడాలి. దాని విషం గుండెనీ ఊపిరితిత్తుల్నీ పట్టుకుంటుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, బీపీకి వాడే ప్రాజోసిన్ మందుతో ఎందరినో కాపాడారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నీ కథ జరిగేది ఈ కాలంలోనేగా, మంత్రగాడి దగ్గర మూడు పేజీలు ఎందుకు? ఆ కుర్రాణ్ణి వెంటనే ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్ళు.

దొంగనోట్లు పట్టే అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొను. అమావాస్య దగ్గర్లో, బూట్లు వేసుకుని, తోడు ఒకర్ని తీసుకుని రాతికట్టల వెంట నడువు. ఆ వెలుగులో తేలు ఒళ్ళు నీలిపచ్చగా మెరుస్తుంది, అప్పుడే కుబుసం విడిచింది మాత్రం మెరవదు. రాళ్ళు చేత్తో ఎత్తొద్దు. ఏం కనిపించిందో అది రాసి, దసరాలోపు నాకు పంపు.