స్విచ్ ఆపినా ఎల్ఈడీ మినుకుమంటుంటే

60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టాక, స్విచ్ ఆపినా మసకగా వెలుగుతోందన్నారు కదా, బల్బు మార్చినా లాభం ఉండకపోవచ్చండి. ముందు స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉందేమో చూడండి. దాని గుండా పారే పిసరంత కరెంటు పాత ఫిలమెంటుకు ఆనదు. ఎల్ఈడీ డ్రైవర్‌లోని (బల్బు లోపలి సర్క్యూట్‌లోని) కెపాసిటర్‌ను, అంటే విద్యుత్తును కాస్త దాచుకునే భాగాన్ని, మాత్రం మెల్లగా నింపేస్తుంది. అది నిండినప్పుడల్లా బల్బు మినుకుమంటుంది. ఇండికేటర్ తీయిస్తే సరి. లేదా హోల్డర్ రెండు టెర్మినళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ ఎక్స్2 రకం (ఇంటి కరెంటు వైర్ల మధ్య వాడే సురక్షిత రకం) కెపాసిటర్ పెట్టించండి.

ఇండికేటర్ లేకపోతే? స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్ పిన్నులకు టెస్టర్ ఆనించండి. ఏదో ఒక పిన్ను దగ్గర గట్టిగా వెలిగితే స్విచ్‌ను ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) మీద కాక న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద కలిపారనే అనుమానించాలి. మినుకు సంగతి అటుంచండి, ఆపిన హోల్డర్‌లోనూ ఫేజ్ ఉండటం ప్రమాదం. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత ఫేజ్‌ను స్విచ్‌లోకి మార్పించండి. టెస్టర్ సన్నగా వెలిగితే పక్క వైరు ప్రభావం కావచ్చు. దానికి పై కెపాసిటరే చాలు.