డాన్యూబ్ గట్టున సైకిలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సాగే సైకిలు దారి గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: ఈ దారిలో కార్లే ఉండవంటున్నారు, నిజమేనా? మ్యాపులో చూస్తే నదికి రెండు వైపులా దారి గీసి ఉంది. ఏ గట్టున వెళ్ళాలి?
— ఎస్.ఆర్., మ్యూనిక్

జవాబు: మొత్తం దూరం సుమారు 320 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కార్లు రావు, కానీ అంతా అలా ఉండదు. కొన్నిచోట్ల పెద్దరోడ్డు పక్కనే విడిగా సైకిలు బాట ఉంటుంది, కొన్నిచోట్ల పొలాలకు వెళ్ళే ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ప్రశాంతంగా సాగాలంటే మొదటినుంచీ ఒకే గట్టు పట్టుకుని పోకూడదు. ఎక్కడ దాటాలో తెలిస్తే సగం పని అయినట్టే.

పాసౌ నుంచి ఉత్తర గట్టున బయలుదేరండి. యోఖెన్‌స్టైన్ దాకా రోడ్డు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఆ తర్వాత అడవి, నది తప్ప ఏమీ ఉండవు. ష్లోగెన్ దగ్గర నది గ్రానైట్ కొండను చుట్టి వెనక్కి తిరుగుతుంది. అక్కడ ఔ అనే చిన్న ఊరి దగ్గర ఉత్తర గట్టు బాట ఆగిపోతుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. సైకిళ్ళ పంటు ఎక్కి దక్షిణానికి దాటి, అషాఖ్ దాకా ఆ గట్టునే వెళ్ళండి. పంటులు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే, అదీ సాయంత్రం పెందలాడే ఆగిపోతాయి. చివరి పంటు ఎన్నింటికో ముందురోజు రాత్రే చూసుకోండి, చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోండి.

ఉత్తర గట్టున ఓటెన్స్‌హైమ్ నుంచి లింట్స్ వరకు హైవే పక్క బాట. క్షేమమే గానీ రొద. లింట్స్ దాటాక మౌట్‌హౌజెన్ దాకా ఉత్తర గట్టు బాగుంటుంది. గ్రైన్ నుంచి ఇబ్స్ వరకు మాత్రం తప్పకుండా దక్షిణ గట్టు; ఉత్తరాన లారీల రోడ్డు. మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు ద్రాక్షతోటల మెట్లతో ఉన్న వాఖావ్ లోయ. పేరున్న ఊళ్ళన్నీ ఉత్తరాన, నిశ్శబ్దం దక్షిణాన. దక్షిణ గట్టున తొక్కుతూ, ష్పిట్స్ దగ్గర ఒకసారి, డ్యూర్న్‌స్టైన్ దగ్గర ఒకసారి దాటి చూసి రావడం మా సలహా. క్రెమ్స్ తర్వాత దక్షిణ గట్టున టుల్న్ మీదుగా వియన్నా.

ష్పిట్స్ పంటు ప్రవాహం మీదే నడుస్తుంది. నదికి అడ్డంగా తీగ ఉంటుంది, పడవను దానికి కట్టి ఉంచుతారు. సరంగు చుక్కాని తిప్పి పడవను ప్రవాహానికి ఏటవాలుగా నిలిపితే నీటి తోపుడే దాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. అందుకే నీళ్ళు తగ్గినప్పుడు నెమ్మదిగా పోతుంది, వరదొస్తే ఆపేస్తారు.

ప్రశ్న: వియన్నా నుంచి పాసౌకు తొక్కితే ఎక్కుడు అవుతుందా? విమాన టికెట్లు వియన్నాకే చవగ్గా ఉన్నాయి.
— కె.పి., హైదరాబాద్

జవాబు: ఎక్కుడు లెక్కలోకి రాదు. పాసౌ సుమారు 300 మీటర్ల ఎత్తున, వియన్నా 160 దగ్గర ఉన్నాయి. ఆ తేడా 320 కిలోమీటర్లకు పరుచుకుంటే కాలికి తెలియదు. పూర్వం ఉప్పు, ఇనుము మోసే పడవలను గుర్రాలు ఎదురుప్రవాహంలో లాగేవి. ఈ దారిలో చాలా భాగం ఆ గుర్రాల బాటే కాబట్టి ఇంత సమంగా ఉంది. బాధ పెట్టేది గాలి. ఇక్కడ ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది. ఎదురుగాలిలో గంటకు 18 కిలోమీటర్లు తొక్కేవారు 12కి పడిపోవడం మామూలే. వియన్నాలో దిగి రైల్లో పాసౌ చేరి, అక్కడి నుంచి తొక్కండి. ప్రాంతీయ రైళ్ళలో సైకిలుకు టికెట్ చాలు, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ముందుగా చోటు రిజర్వు చేసుకోవాలి.

ప్రశ్న: అరవై దాటిన మా అమ్మానాన్నలు సెప్టెంబరులో గుంటూరు నుంచి వస్తున్నారు. సైకిలు తొక్కి ఇరవై ఏళ్ళయింది. తీసుకెళ్ళవచ్చా?
— ఎం.వి., స్టుట్‌గార్ట్

జవాబు: మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు సుమారు 36 కిలోమీటర్లు. అదొక్కటీ ఒకరోజులో పెట్టుకోండి. బ్యాటరీ సైకిలు అద్దెకు తీసుకోండి. గుంటూరు నుంచి తెచ్చుకుంటామంటే కుదరదు: 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు, సైకిలు బ్యాటరీలు మామూలుగా అంతకంటే చాలా పెద్దవి.

బయలుదేరే ముందు ఖాళీ స్థలంలో పావుగంట తొక్కించండి. మనకు అలవాటు లేని సంగతులు కొన్నున్నాయి. మన దగ్గర సాధారణంగా కుడి బ్రేకు లివరు ముందు చక్రానికి పనిచేస్తుంది, అక్కడ ఎక్కువగా ఎడమది. తెలియక గట్టిగా పట్టుకుంటే ముందుకు పడతారు. కొన్ని అద్దె సైకిళ్ళలో పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. కాళ్ళు ఊరికే వెనక్కి తిప్పే అలవాటున్నవారికి చక్రం హఠాత్తుగా బిగుసుకుపోతుంది. తొక్కేది కుడివైపున అన్నది ఎలాగూ చెబుతారు. ఆస్ట్రియాలో 12 ఏళ్ళలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి, పెద్దలకు కాదు. మేమైతే అమ్మానాన్నలకూ పెట్టించమంటాం.

ప్రశ్న: సొంత సైకిలు తీసుకెళ్తున్నాను. పనిముట్లు ఏమేం కావాలి? స్పోకు తెగితే ఏం చేయాలి?
— ఆర్.టి., ఫ్రాంక్‌ఫర్ట్

జవాబు: ట్యూబు ఒకటి, ప్యాచ్‌లు, సొల్యూషన్, టైరు లివర్లు రెండు, చిన్న పంపు, 4, 5, 6 ఎం.ఎం. అలెన్ కీలు, మీ చైనుకు సరిపోయే క్విక్ లింకు, స్పోకు కీ, ఒక జత బ్రేకు ప్యాడ్లు. టైరు 37 నుంచి 40 ఎం.ఎం. వెడల్పుంటే చాలు. సామానుతో వెనక టైరులో 55 నుంచి 60 పి.ఎస్.ఐ. గాలి సరిపోతుంది, టైరు పక్కన రాసిన హద్దు దాటొద్దు. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడమండి. గాజుముక్క అక్కడే ఉండిపోతే అరకిలోమీటరుకే మళ్ళీ కూర్చుంటారు.

తెగేది దాదాపు ఎప్పుడూ వెనక చక్రంలో, గేర్ల వైపు స్పోకే. ఆ వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. బరువంతా వెనక క్యారియరు మీదే పడితే హబ్బు దగ్గర వంపులో అలసిపోయి తెగుతాయి. గేర్ల గుత్తి ఊడదీయకుండా కొత్తది వేయలేరు. అందుకని తెగినదాన్ని పక్క స్పోకుకు చుట్టేయండి. రిమ్ము అవతలి వైపుకి ఒరుగుతుంది కాబట్టి, తెగినదాని ఇరుపక్కలా ఉన్న ఎడమవైపు స్పోకులు రెండింటినీ అరచుట్టు వదులు చేయండి. రిమ్ము ఇంకా బ్రేకు ప్యాడ్లకు తగులుతుంటే మరో పావుచుట్టు. బరువు సంచులు ముందుకు మార్చి, తర్వాతి ఊళ్ళో మెకానిక్ దగ్గరకు నెమ్మదిగా తొక్కండి. అసలు సామాను 12 కిలోలు దాటకపోతే ఈ తిప్పలు రావడం అరుదు.

ప్రశ్న: శాకాహారులం. తిండి దొరుకుతుందా?
— వి.ఎల్., బెర్లిన్

జవాబు: దొరుకుతుంది. ఒక్క సూపుల దగ్గర జాగ్రత్త. ఫ్రిటాటెన్ సూపులో తేలేవి సన్నగా తరిగిన అట్టుముక్కలే, చారు మాత్రం గొడ్డుమాంసం ఉడికించిన నీళ్ళు. చీజ్ కలిపిన పిండిముక్కల కేజెష్పెట్స్‌లె, పుట్టగొడుగుల సాసుతో రొట్టె ఉండలు, నేరేడంత కాదు నిమ్మకాయంత యాప్రికాట్‌ను పిండిలో చుట్టి ఉడికించిన మరిల్లెన్‌క్నోడెల్ ఇవన్నీ తినొచ్చు. "ఓనె ష్పెక్" అంటే పందిమాంసం ముక్కలు వేయరు. శనివారం సాయంత్రం 6కల్లా సూపర్‌మార్కెట్లు మూస్తారు, ఆదివారం తెరవరు. శనివారమే రొట్టె, పెరుగు కొనిపెట్టుకోండి. ద్రాక్షతోటల్లోని వైను ఇళ్ళలో ఆగేవారికి ఒక మాట: సైకిలు తొక్కేవారికీ రక్తంలో మద్యానికి 0.8 ప్రోమిల్ (లీటరుకు 0.8 గ్రాములు) హద్దుంది.

ప్రశ్న: కోటలు, మఠాలు అన్నీ చూడ్డానికి టైము లేదు. ఏవి వదలకూడదు?
— జి.ఎస్., విజయవాడ

జవాబు: మూడు. 1089లో మొదలై, 1702–1736 మధ్య ఇప్పటి రూపానికి వచ్చిన మెల్క్ మఠం. 1192–93 చలికాలంలో ఇంగ్లండు రాజు రిచర్డును బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట. శిథిలం దాకా నడిచే ఎక్కాలి. మౌట్‌హౌజెన్ నాజీ నిర్బంధ శిబిరం: 1938–45 మధ్య సుమారు 1,90,000 మందిని ఇక్కడికి తెచ్చారు, కనీసం 90,000 మంది చనిపోయారు. గట్టు నుంచి నిటారు ఎక్కుడు. పూట కేటాయించండి, ఆ రోజు దూరం తగ్గించుకోండి.

ప్రశ్న: మన కోనసీమ కాలవగట్ల మీద ఇలాంటి ప్రయాణం కుదరదా?
— డి.ఎన్., అమలాపురం

జవాబు: కుదురుతుంది, కార్లు లేని దారి అని మాత్రం అనుకోవద్దు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవల్లోనూ పడవలు తిరిగేవి, గట్టు మీద మనుషులు తాడుతో లాగేవారు. ఆ గట్ల మీదే తర్వాత తారు పడింది. చాలా కాలవలకు ఒక గట్టు తారురోడ్డు, అవతలిది మట్టిబాట. లాకుల దగ్గర దాటి మట్టిబాట పట్టండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది, వెనక ఎర్రలైటు వెలగాల్సిందే. కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన వరిగడ్డిలోంచి తొక్కితే పోచలు గేరు మార్చే డిరైలర్‌లో చుట్టుకుంటాయి. అది వంగి స్పోకుల్లోకి పోతుంది. గడ్డి కనపడగానే దిగి నడిపించండి, లేదా గేర్లు లేని సైకిలు తీసుకెళ్ళండి. వాన పడ్డాక మట్టిబాట జోలికి వెళ్ళొద్దు. బంకమట్టి మడ్‌గార్డులో నిండితే చక్రం కదలదు.